నల్లా చప్పుడు చాటున

చేవెళ్ల,
8 జూన్ 2025

నవతా,

మీ అమ్మ నోరు మూయించింది నువ్వే. మెల్లగా, మర్యాదగా, 'ప్లీజ్ అమ్మా' అంటూ మూయించావు. క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఈ మాట చదువు. రెండోసారి కూడా చదువు.

ఫోన్ చేస్తే కారులో ఉంటావు, నా గొంతును స్పీకర్‌లో పెడతావు, నేను సగం చెప్పేసరికి సిగ్నల్ పోయిందంటావు. వాట్సాప్‌లో పెడితే రెండు నీలి గీతలు పడతాయి, అంతే. కాగితానికి ఆ సౌకర్యం లేదు. పాండు రోజూ పొద్దున మీ కాలనీకి పాలు తెస్తాడు గదా, వాడి చేతికే ఇస్తున్నాను. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకు ఇచ్చి వస్తాడు. వాడి పాలు లోపలికి పోతాయి, వాడు పోకూడదు.

బుధవారం మధ్యాహ్నం మీ అమ్మ పరిగి బస్సు దిగి, సంచి పట్టుకుని, ఒక్కతే నడిచి వచ్చింది. "ఏమైంది, చెప్పకుండ వచ్చినవ్?" అన్నాను. "ఏం లే. ఆడ నాతోని పని లేదు," అంది. ఆ నాలుగు మాటలకే గొంతు గరగరలాడింది. ఆర్నెల్లు మూసిన గది తలుపు తీస్తే అట్లాగే కిర్రుమంటుంది మరి. గుచ్చి గుచ్చి అడిగితే రెండో రోజు చెప్పింది: "పిలగానికి మాటలు వస్త లేవు. రెండు రకాల మాటలు ఇంటె గజిబిజి అయితదట. నా మాట వాని చెవుల పడొద్దని వాట్సాప్ గ్రూపుల చెప్పిండ్రట."

ఆమె సంచిలో ఒక కాగితం దొరికింది. నీ చేతిరాతే. తెలుగు అక్షరాల్లో పన్నెండు ఇంగ్లీషు వాక్యాలు. కమ్ బేబీ. ఓపెన్ యువర్ మౌత్. డోంట్ టచ్. గుడ్ జాబ్. ఒక్కోదాని పక్కన ఆమె పెన్సిల్‌తో అర్థం రాసుకుంది. గుడ్ జాబ్ పక్కన 'మంచిగ చేసినవ్' అని ఉన్నది. యాభై మూడేళ్ల మనిషికి, నిన్ను కని పెంచిన మనిషికి, నీ కొడుకుతో మాట్లాడడానికి పన్నెండు వాక్యాలు కేటాయించావు. రేషన్ షాపులో కూడా ఇంతకంటే ఎక్కువే ఇస్తారు.

మీ విల్లాల పునాదులు తవ్విన కూలీలు, మీ చెత్త ఎత్తే ఆడపిల్ల, మీకు పాలు పోసే పాండు మాట్లాడేది మీ అమ్మ భాషే. ఆ భాష మాట్లాడే రైతుల పొలాల మీదే మీ క్లబ్‌హౌస్ లేచింది. మీకు మొయినాబాద్ భూమి కావాలి, మొయినాబాద్ నోరు వద్దు. దీనికి మీరు 'పేరెంటింగ్' అని పేరు పెట్టుకున్నారు.

నేను అడిగేది ఒక్కటే. అభిని తీసుకుని రా. మీ అమ్మ ముందర కూర్చోబెట్టి, 'మాట్లాడమ్మా' అని నీ నోటితో అను. అప్పటిదాకా ఆమెను మీ గేటు దాటించను.

మీ బాపు,
జనార్దన్


మొయినాబాద్,
15 జూన్

బాపూ,

నువ్వు రాసింది ఉత్తరమా, కరపత్రమా? చివర 'వర్ధిల్లాలి' ఒక్కటే తక్కువ. కోపం తగ్గాలని వారం ఆగి రాస్తున్నాను. ఇంకా తగ్గలేదు.

నీకు తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. అభికి రెండేళ్ల ఎనిమిది నెలలు. వాడి మాటలు ఐదంటే ఐదు: అవ్వ, బువ్వ, బూ, దా, వద్దు. పక్కింటి అక్షిత కొడుకు డైనోసార్ల పేర్లు వరుసగా చెప్తాడు. పోయిన నవంబరులో ఆ పిల్లవాడి పుట్టినరోజుకు పోయాం. పిల్లలంతా నిలబడి పాట పాడుతుంటే అభి పాడలేదు. ఒక్కొక్కరి దగ్గరికి పోయి, లోపల ఏమున్నదో అన్నట్టు వాళ్ల నోట్లోకి చూశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి వాడిని పడుకోబెట్టి ఎంతసేపు ఏడ్చానో నీ అల్లుడు శశిధర్‌కు కూడా తెలియదు.

నువ్వు తిట్టే ఆ గ్రూపు పేరు 'మన పిల్లలు'. అందులో రెండు వందల మంది తల్లులు, పదకొండు మంది తండ్రులు. శశిధర్ పూనాలో ఉన్నప్పుడు అభికి నూట మూడు జ్వరం వచ్చింది. పావుగంటలో పిల్లల డాక్టరు నంబరు ఇచ్చి, కారు తెచ్చి వాకిట్లో నిలబెట్టింది ఆ గ్రూపు వాళ్లే. రాగిజావ ఉండ కట్టకుండా ఎట్ల కాచాలి, ఫోన్ చూపించకుండా అన్నం ఎట్ల తినిపించాలి, ఏ ప్లేస్కూల్లో ఆయాలు పిల్లలను కొట్టరు, ఇవన్నీ నాకు వాళ్లే చెప్పారు. నువ్వు చేవెళ్లలో ఉన్నావు. నీకు ఫోన్ చేసి 'బాపూ, పిల్లవాడికి విరేచనాలు' అంటే మున్సిపాలిటీ నీళ్ల మీద ఉపన్యాసం చెప్తావు.

ఒకే భాష మాట్లాడమని అక్షిత చెప్పింది. 'నాలుగేళ్లు వచ్చేదాకా ఇంగ్లీషే, ఆ తర్వాత ఏదైనా. మా అత్తమ్మను మ్యూట్‌లో పెట్టాం, ఆర్నెల్లలో మావాడికి మాటలొచ్చాయి' అని నవ్వు బొమ్మ పెట్టింది. అరవై మంది బొటనవేలు చూపించారు. నేను భయపడి ఉన్నాను బాపూ. భయపడ్డ తల్లికి ఎవరు గట్టిగా చెప్తే వాళ్లదే శాస్త్రం.

అమ్మతో "కొన్నాళ్లే అమ్మా, జర ఓపిక పట్టు," అన్నాను. "సరే బిడ్డా, పిలగాడు బాగుపడుతె అదే చాలు," అంది. మరిచిపోయి ఏదన్నా అంటే "ఊకో అమ్మా" అని గుర్తు చేసేదాన్ని. ఆమె బాధపడినట్టు నాకు కనిపించలేదు. ఆమె ఎప్పుడూ తక్కువే మాట్లాడేది గదా. ఆఫీసు నుంచి హాల్లో కెమెరా చూసుకునేదాన్ని. ఇద్దరూ సోఫా మీద పక్కపక్కన, ఒక్క మాట లేకుండా కూర్చునేవాళ్లు. ఎంత బుద్ధిగా ఉన్నారో అనుకున్నాను. ఆమెతో నేను పేచీ పెట్టింది ఒకే ఒక్కసారి, అదీ నీళ్ల గురించి. అభికి స్నానం గంటసేపు చేయించేది, నల్లా విప్పి వదిలేసేది. మాకు ట్యాంకర్ నీళ్లు.

ఆమెను నేను పొమ్మనలేదు. తనే పోయింది. పోయేముందు వాడి చెడ్డీలన్నీ మడతపెట్టి పోయింది.

నవత


చేవెళ్ల,
13 జూలై

నవతా,

'ఆమె ఎప్పుడూ తక్కువే మాట్లాడేది గదా.' నీ ఉత్తరంలో ఈ వాక్యం కింద ఎర్రగీత గీశాను. నోరు నొక్కేవాళ్లు ఏ కాలంలోనైనా చెప్పే మాట ఇదే. వాళ్లకు మాట్లాడే అలవాటు లేదు, వాళ్లకు అంత అవసరం లేదు, వాళ్లు సంతోషంగానే ఉన్నారు. దొరలు జీతగాళ్ల గురించి ఇదే చెప్పారు. నువ్వు అమ్మ గురించి చెప్తున్నావు.

నువ్వు భయపడ్డావన్నావు. ఒప్పుకుంటాను. తల్లిదండ్రుల భయం మీద ఒక బజారు నడుస్తోందని నేను పదేళ్లుగా రాస్తున్నాను. పిల్లవాడు పొట్టి అని భయం, నల్లన అని భయం, ఆలస్యంగా మాట్లాడితే భయం. ఆ భయాన్ని రెండు వందల మంది ఒకచోట పోగేసి, ఒకరిది ఒకరికి అంటించుకుని, దానికి సలహా అని పేరు పెడతారు. అరవై బొటనవేళ్లు! ఆ అరవై మందిలో ఒక్కరన్నా మీ అమ్మ పేరేమిటని అడిగారా?

కాబట్టి నా షరతు మారింది. ఊరికే వస్తే సరిపోదు. ముందు ఆ గ్రూపులో, తెలుగులో, నీ పేరుతో రాయి: 'నేను మా అమ్మ నిర్మలమ్మను ఆర్నెల్లు మాట్లాడనివ్వలేదు, అది తప్పు' అని. రాసి, అది నాకు చూపించి, అప్పుడు రా. ఏడుస్తూ వచ్చి, కాళ్లు పట్టుకుని, నాలుగు బొబ్బట్లు తిని పోతే ఏమీ మారదు. తప్పు పదిమందిలో జరిగింది, ఒప్పుకోలూ పదిమందిలో జరగాలి.

మీ అమ్మకు గొంతు ఇంకా తేటపడలేదు. పట్నం తీసుకుపోయి చూపించాను. పరీక్షలేవో చేశారు. దాని సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఫికర్ చేయకు. రోజూ ఒకసారి "పిలగాడు తింటుండా?" అని అడుగుతుంది. "నీ బిడ్డనే అడుగు," అంటాను.

పాండు విసుక్కుంటున్నాడు. "సారూ, మీ కాయిదాలు మోయబట్టి గేటు కాడ నన్ను పోస్ట్‌మ్యాన్ అంటున్నరు. ఒక్క ఫోను కొడితె అయిపాయె గదా!" అంటున్నాడు. ఫోన్‌తో అయిపోయేదైతే ఎప్పుడో అయిపోయేది.

జనార్దన్


మొయినాబాద్,
17 ఆగస్టు, ఆదివారం

బాపూ,

నెల రోజులు నీకు రాయలేదు. నీ షరతు చదివి ఉత్తరం చింపేశాను. తర్వాత ముక్కలు ఏరి డ్రాయర్‌లో పెట్టాను.

అమ్మ పోయాక అభి 'అవ్వ' అనడం మానేశాడు. ఐదు మాటల్లో మిగిలింది 'వద్దు' ఒక్కటే. ఇంకొకటి మొదలుపెట్టాడు. పొద్దున లేవగానే బాత్రూంలోకి పోతాడు. నల్లా విప్పుతాడు. నీళ్లలో చేయి పెట్టడు, ఆడుకోడు. స్నానం చేయించేవాళ్లు కూర్చునే స్టూలు ఎదురుగా నిలబడి, తల ఎత్తి, ఊరికే చూస్తుంటాడు. నల్లా కట్టేస్తే ఏడుపు. గ్రూపులో అడిగాను. ఇది నీళ్ల పిచ్చి, అలవాటు ముదరనివ్వకండి, తలుపు మూసి ఉంచండి అన్నారు. శశిధర్ బాత్రూం తలుపుకు బయట, వాడికి అందనంత ఎత్తులో కొండి పెట్టాడు. ఇప్పుడు వాడు ఆ తలుపుకు చెవి ఆనించి కూర్చుంటున్నాడు.

పోయిన బుధవారం స్పీచ్ థెరపీ మేడమ్‌కు చూపించాం. వాడిని గంటసేపు ఆడించి, "ఇంట్లో వీడితో ఎక్కువగా ఎవరు మాట్లాడతారు?" అని అడిగింది. గ్రూపు మాట చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. "రెండు భాషలు వింటే పిల్లలకు ఏమీ కాదమ్మా. మాట్లాడే మనిషిని తీసేస్తే అవుతుంది," అంది. తిట్టినా బాగుండేది.

నువ్వు గెలిచావు బాపూ. రాసుకో. కానీ నేనూ ఒకటి అడుగుతాను, ఎర్రగీత గీసుకుని చదువు. మన ఇంట్లో మాట్లాడింది ఎవరు?

నా చిన్నప్పుడు హాలు నిండా నీ మీటింగులు. సిగరెట్ పొగ, చాయ్ గ్లాసులు, స్త్రీ విముక్తి మీద నీ ఉపన్యాసం. అమ్మ చాయ్ తెచ్చి ఒక నిమిషం గుమ్మంలో నిలబడేది. ఒకసారి ఏదో చెప్పబోయింది. టమాట ధర గురించి అనుకుంటా, మార్కెట్‌కు పోయేది ఆమే గదా. "ఊకో, నీకు తెల్వది," అన్నావు. గట్టిగా కూడా అనలేదు, ఈగను తోలినట్టు అన్నావు. అందరి ముందర. నేను ఆ మూల కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాను. 'ఊకో అమ్మా' అని నేను ఎక్కడ నేర్చుకున్నానో నీకు తెలియదా? నీ ఇంట్లోనే గదా.

నాతో మాత్రం ఆమె మాట్లాడేది. నీకు ఈ సంగతి తెలియదు. పొలంలో బోరు మోటరు వేసినప్పుడు మాట్లాడేది. షెడ్డు పక్కన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ మోటరు చప్పుడులో కథలు చెప్పేది, పాటలు పాడేది, నిన్ను వెక్కిరించేది కూడా. కరెంటు పోయి మోటరు ఆగితే ఆమె కూడా టక్కున ఆగేది. నేను అడిగేదాన్ని, "ఎందుకాపినవ్?" అని. "చప్పుడు ఉంటెనే మంచిగుంటది బిడ్డా," అనేది.

సోమవారం పొద్దున

పై పేజీ నిన్న రాసి లేచాను. ఇప్పుడు ఆఖరు వాక్యం మళ్లీ చదివాను. చప్పుడు ఉంటెనే మంచిగుంటది.

బాపూ, హాల్లో కెమెరా ఉన్నది. బాత్రూంలో లేదు.

గంటసేపు స్నానం. నల్లా విప్పి వదిలేసేది. ఆ చప్పుడు చాటున వాడితో మాట్లాడేది. ఆర్నెల్లూ మాట్లాడింది బాపూ. నేను నీళ్ల గురించి పేచీ పెట్టాను. వాడు నల్లా విప్పి ఎదురుచూసేది ఆమె కోసం. నేను తలుపుకు కొండి పెట్టించాను.

ఇందాకటి నుంచి నీకు మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అమ్మ ఫోన్ స్విచాఫ్. అందుకే ఈ ఉత్తరం పాండుకు ఇస్తున్నాను. గ్రూపులో రాశాను, నువ్వు చెప్పినట్టే తెలుగులో రాశాను. శశిధర్ కారుతో సహా బెంగుళూరులో ఉన్నాడు, శనివారం వస్తాడు. ఆదివారం అభిని తీసుకుని వస్తున్నాం. అమ్మకు చెప్పు. మాట్లాడడానికి సిద్ధంగా ఉండమను.

నవత


పట్నం, దవాఖాన వరండా,
20 ఆగస్టు, బుధవారం

నవతా,

పొద్దున ఫోన్‌లో నీకు చెప్పింది నాలుగు ముక్కలు. నువ్వు ఏడ్చావు, నేను పెట్టేశాను. మిగతాది నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. రాస్తున్నాను.

మీ అమ్మకు గొంతులో పుండు. క్యాన్సర్. జూలై పదకొండున రిపోర్టు వచ్చింది. నీకు నేను ఆ షరతు ఉత్తరం రాసింది పదమూడున. అంటే తెలిసే రాశాను. 'పరీక్షలేవో చేశారు' అని రాసేటప్పుడు రిపోర్టు నా మోచేతి కిందే ఉన్నది.

డాక్టర్ అడిగాడు: "గొంతు మారి ఎన్నాళ్లయింది?" నేను 'నెల రోజులు' అన్నాను. మీ అమ్మ తల అడ్డంగా ఊపి, "శివరాత్రి కాంచి," అంది. అప్పుడామె మీ ఇంట్లో ఉన్నది. మాట్లాడక గొంతు పట్టేసిందనుకుందట. మాట్లాడే మనిషి గొంతు మారితే ఇంట్లో ఎవరికో ఒకరికి వినపడుతుంది. నీకు వినపడలేదు. ఇక్కడికి వచ్చాక నాకు వినపడింది. నేను దాన్ని నీకు రాసే ఉత్తరంలో ఉపమానంగా వాడుకున్నాను. కిర్రుమనే తలుపు అని. ఇంకో సంగతి. "ఇంట్లో ఎవరన్నా సిగరెట్ కాలుస్తారా?" అని కూడా అడిగాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను తిరిగి అడగలేదు.

మాట పెట్టెను మొత్తం తీసేయాలన్నారు. తీస్తే మనిషి దక్కుతుంది, గొంతు దక్కదు. మంగళవారానికి తేదీ ఇచ్చారు. మీ అమ్మ నన్ను రెండుసార్లు అడిగింది. మొదటిసారి ఇంట్లో. "ఒక్కసారి పిలగాన్ని పిలిపియ్యి. వానితోని ముచ్చట పెట్టుకుంట," అంది. "నవత తప్పు ఒప్పుకొని రావాలె, జాలిపడి కాదు. రోగం సంగతి చెప్తె జాలితోని వస్తది," అన్నాను. "సరే," అంది. సరే అంటే ఒప్పుకుందనుకున్నాను. ముప్పై రెండేళ్లుగా నేను అట్లాగే అనుకుంటున్నాను.

రెండోసారి సోమవారం, ఇక్కడ, అడ్మిషన్ కౌంటర్ దగ్గర. నీ మూడు ఫోన్లూ అప్పుడే వచ్చాయి. నీ పేరు చూశాను. మీ అమ్మ కూడా చూసింది. "నవతేనా? ఎత్తు," అంది. నేను ఎత్తలేదు. మనసులో ఏమనుకున్నానో నీకు చెప్పి తీరాలి. 'ఇప్పటికి దారికొచ్చింది, ఇంకో రోజు ఆగనీ' అనుకున్నాను. అది కోపం కూడా కాదు. గెలిచినప్పటి తృప్తి. ఆ పూటకు మీ అమ్మకు గొంతు ఉన్నది. ఆటోలో గంటలో వచ్చేదానివి.

మంగళవారం పొద్దున లోపలికి తీసుకుపోయే ముందు నర్సు "ఏమన్న చెప్పేదుంటె చెప్పుకో అవ్వా," అంది. మీ అమ్మ నా వైపు చూసి, "బర్రెకు కుడితి పెట్టుమను పాండును," అంది. ఆ గొంతుకు అదే ఆఖరు మాట. నాతో అనడానికి ఇంకేమీ లేదు.

సాయంత్రం పాండు నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. బోరు మోటరు సంగతి చదివాను. ఆ మోటరు నేనే బిగించాను. దాని గుర్రపు శక్తి ఎంతో చెప్పగలను. దాని పక్కన ఇరవై ఏళ్లు ఎవరు మాట్లాడారో నాకు తెలియదు.

నీకు ఏ షరతూ లేదు. రా.

బాపు


మొయినాబాద్,
3 సెప్టెంబర్

బాపూ,

ఆదివారం వార్డులో మనం ఏమీ మాట్లాడుకోలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నీ మీద అరవాలని మాటలు కూడబెట్టుకున్నాను. ఐసీయూలోకి నిన్ను తప్ప ఎవరినీ రానివ్వమని పన్నెండు రోజులు ఆపారు గదా, ఆ పన్నెండు రోజులూ కూడబెట్టాను. అమ్మ మెడకు ఆ గుడ్డ, ముక్కులో గొట్టం, చేతులకు సూదులు చూశాక ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అభి భయపడతాడనుకున్నాను. వాడు మంచం ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు, మా సోఫా మీద కూర్చున్నట్టే. చాలాసేపు చూశాడు. తర్వాత దిగి ఏం చేశాడో నువ్వూ చూశావు. వార్డు మూల వాష్‌బేసిన్ దగ్గరికి పోయాడు. అందలేదు. స్టూలు ఈడ్చుకుని ఎక్కాడు. నల్లా విప్పాడు. వెనక్కి తిరిగి అమ్మ వైపు చూస్తూ నిలబడ్డాడు.

అమ్మ పెదవులు కదిలాయి. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వాడు ఇంకొంచెం విప్పాడు. చప్పుడు చాలలేదనుకున్నాడేమో. మళ్లీ చూశాడు. అప్పుడు, బాపూ, వాడు అన్నాడు. స్పష్టంగా. "ఎవ్వలింటికి?"

రెండేళ్ల పదకొండు నెలల నా కొడుకు నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. థెరపీ మేడమ్ వింటే ఎగిరి గంతేసేది. వాడు జవాబు కోసం ఆగాడు. మళ్లీ "ఎవ్వలింటికి?" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. దానికి ఒక జవాబు ఉన్నదని అర్థమయింది. ఆ జవాబు నాకు తెలియదు. నీ వైపు చూశాను. నువ్వు నేల వైపు చూస్తున్నావు. ఇంతమంది చదువుకున్నవాళ్లం, మూడేళ్లు నిండని పిల్లవాడు అడిగిన ఒక్క మాటకు జవాబు చెప్పలేకపోయాం. మూడోసారి అడిగి, వాడే నల్లా కట్టేశాడు.

ఇంటికి వచ్చి కెమెరా కంపెనీకి ఫోన్ చేశాను. పాత రికార్డులు వారం కంటే ఎక్కువ ఉండవట. ఉన్నా, మా కెమెరాకు ధ్వని నేనే ఆపేశాను, ఆఫీసులో ఇబ్బందని. ఫోన్ అంతా వెతికాను. అభివి నాలుగు వేల ఫోటోలు ఉన్నాయి. అమ్మ గొంతు ఒకే ఒక్కచోట దొరికింది, వాడి మొదటి పుట్టినరోజు వీడియోలో, ఫ్రేమ్ బయట నుంచి: "జర పక్కకు జరుగుండ్రి, పిలగానికి గాలాడాలె." అంతే. ఏడు సెకన్లు.

గ్రూపులో నేను రాసినదానికి బొటనవేళ్లు రాలేదు. అక్షిత మాత్రం ఇంటికి వచ్చింది. కూర్చుని చాలాసేపు గాజులు తిప్పుకుంది. వాళ్ల కొడుకుకు నాలుగు దాటాయి, ఇప్పుడు తెలుగు నేర్పుదామంటే వాడు నాయనమ్మను చూసి ఇంగ్లీషులో 'ఈమె ఏమంటోంది' అని అడుగుతున్నాడట. "నాకూ ఎవరో చెప్పిందే నవతా," అంది. ఆమెను తిట్టలేకపోయాను.

అమ్మ చేతులకు సూదులు తీశాక ఒక పలక కొనివ్వు.

నవత


చేవెళ్ల,
14 సెప్టెంబర్

బిడ్డ నవతకు, మీ బాపుకు, ఇద్దరికి కలిపి రాస్తున్న.

నేను అయిదో తరగతి దాక సదివిన. అచ్చరాలు వంకరున్నయి, సదువుకోండ్రి. ఒక్కింట్ల ఉండుకుంట మీ బాపుకు ఉత్తరమేందని నాకే నవ్వొస్తున్నది. నవ్వినా చప్పుడు వస్త లేదు.

మీ కాయిదాలన్ని బాపు సంచిల దొరికినయి, ఆయన రాసినయి గుడ నకలు తీసి పెట్టుకున్నడు. కూసొని మెల్లగ అన్ని సదివిన. మంచిగ రాసిండ్రు ఇద్దరు. నా గురించే కొట్లాడిండ్రు. నడుమల నన్ను ఒక్కలు గుడ అడగలే. బాపు గెల్సిండా, బిడ్డ గెల్సిందా అని సూస్కున్నరు. తప్పెవలిదని నేను అడుగుత లేను. నాకు ఏం గావాలెనో అది చెప్త. గీ ఒక్కసారి ఇనుండ్రి.

ఒకటి. బాత్రూం తలుపుకు బయట పెట్టిన కొండి ఊడవీకాలె. పిలగాడు చెవు పెట్టి కూసున్నడని సదివినంక నాకు అన్నం పోత లేదు.

రెండు. పాండు గేటు లోపటికి రావాలె. ఇంటి ముందట పాలు పొయ్యాలె. వాడు పిలగానితోని రెండు ముచ్చట్లు పెట్టాలె. వానికి నోరు ఎక్కువ, పనికొస్తది.

మూడు. మీ బాపు ఇంగ్లీషును తిట్టుడు బంద్ చెయ్యాలె. గా పన్నెండు మాటలు నేను ఇష్టంగనే నేర్సుకున్న. నా కాయిదం నాకు ఇయ్యాలె. పిలగాడు అది నేర్వాలె, ఇది నేర్వాలె.

నాలుగు. ఇంట్ల సిగరెట్ కాల్వొద్దు.

అయిదు. మీటింగు మనింట్ల పెడితె నాకొక కుర్సీ ఎయ్యాలె. నేను పలక మీద రాసేదాక అందరు ఆగాలె. రాసింది బాపు సదివి ఇనిపియ్యాలె. ఆయనకు నచ్చకున్నా సదవాలె.

ఆరు. ఊకో అనే మాట రెండిండ్లల్ల ఎవ్వలు అనొద్దు.

ఏడు. ఆదివారం ఆదివారం పిలగాన్ని తేవాలె. నా మెడ మీది గుడ్డ తీసి సూపిస్త, భయపడడు. మిషను పెడితె గరగర మాట వస్తదని డాక్టర్ అంటున్నడు. అది వచ్చేదాక ఆగొద్దు.

ఎనిమిది. కథ నవత నేర్సుకోవాలె. పెద్దదేం గాదు. ఒక దూడె తప్పిపోయి పట్నం పోతది. తిరిగొచ్చే తొవ్వల ఏడు గేట్లుంటయి. గేటు గేటుకు కావలాయన కట్టె అడ్డం పెట్టి అడుగుతడు, "ఎవ్వలింటికి?" అని. గా మాట పిలగానిది. దూడె మాట నాది. ఇగ నుంచి నీది. వాడు "ఎవ్వలింటికి?" అంటె నువ్వు "మా అవ్వింటికి" అనాలె. ఏడు సార్లు అనాలె.

తొమ్మిది. గట్టిగ అనాలె. నల్లా బంద్ చేసి అనాలె.

నిర్మలమ్మ